పెట్టె తనలో తాను విన్నది

ముందే చెబుతున్నాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కళ్లతో చూసింది... నా చేత్తో నోటుబుక్కులో రాసుకున్నది. దేవుడి మీద ఒట్టేస్తే మీరు నమ్మరు, ఆయనకూ నాకూ అంత మాటల్లేవని మీకు తెలుసు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న సోల్డరింగు ఐరన్ మీద ఒట్టు. చాలా?

దయ్యాల కథ అనుకుని దగ్గరికి జరగకండి. ఇందులో తెల్లచీర లేదు. గజ్జెల చప్పుడు లేదు. ఉన్నదల్లా ఒక రేకు పెట్టె, దాని మీద ఎర్రగా వెలిగే అంకెలు, ఒక సంగటి తపేలా. నవ్వండి, పర్వాలేదు. నేనూ మొదట నవ్వినవాణ్ణే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కుప్పంలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది మదనపల్లె. బస్టాండు దగ్గర మా నాయనకు రేడియో రిపేరు అంగడి ఉండేది. వరసగా వానలు మొహం చాటేసిన కాలం అది. ఎక్కడ చూసినా బోర్లు... బోర్లు. పడినవాటికంటే ఎండినవే ఎక్కువ. అందుకే నా ప్రాజెక్టుకు నేల కింద తడి చూసే పెట్టె కట్టాను.

పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. నేలలో నాలుగు ఇనుప మేకులు దిగ్గొడతాం. రెండింటి గుండా కరెంటు పంపుతాం. మిగతా రెండింటి మధ్య ఎంత వోల్టేజీ వచ్చిందో చూస్తే, కింద ఉన్నది పొడి బండా, నీళ్లున్న పగుళ్ల రాయా అని కొంత అంచనా దొరుకుతుంది. ఆ వోల్టేజీ చాలా సన్నది. దాన్ని అంకెలుగా మార్చే చిప్పుకు చేరేలోపే కరెంటు తీగల రొద, మోటర్ల రొద అన్నీ వచ్చి కలుస్తాయి. అందుకని చిప్పుకు ముందు ఒక ఫిల్టరు. జల్లెడ అనుకోండి. ఆ జల్లెడకు ఒక జబ్బుంది. ఎండకు కన్నాలు ఒకలాగుంటాయి, చలికి ఇంకోలాగుంటాయి.

దానికి నేను వేసిన మందే నా ప్రాజెక్టు. పాత అంగళ్లలో తక్కెడ ఎత్తే ముందు పాసంగం చూసుకునేవాళ్లు కదా, ఖాళీ తట్టలు సమంగా ఉన్నాయా లేదా అని... నా పెట్టె కూడా అంతే. పావుగంటకు ఒకసారి లోపల రిలే అనే చిన్న స్విచ్చి 'టిక్' మంటుంది. నేల తీగలతో సంబంధం తెగిపోతుంది. పెట్టె తనకు తానే తెలిసిన సిగ్నల్ ఒకటి ఇచ్చుకుంటుంది. జల్లెడ దాటి వచ్చినదాన్ని దానితో పోల్చుకుంటుంది. తేడా ఎంతో ఎర్ర అంకెల్లో చూపిస్తుంది, దిద్దుకుంటుంది. తేడా సున్నా అయ్యాకే మళ్లీ 'టిక్'... అప్పుడు నేలతో కలుస్తుంది. తన తప్పు తాను దిద్దుకునేదాకా నేల మాట వినదు. అలా కట్టింది నేనే.

ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ రెండు టిక్కుల మధ్య పెట్టెకు బయటి లోకంతో ఏ సంబంధమూ ఉండదు. అది వినేది తన్ను తానే.

గంగులప్ప మామ మా నాయన అంగడికి పాత గిరాకీ. పుంగనూరు దాటి, రోడ్డు దిగి మూడు మైళ్లు నడిస్తే వాళ్ల ఊరు. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచి పిలుపు మామే. అరవైకి దగ్గర పడినవాడు. నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింట్లోనూ తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అయిదోది వేయడానికి తమిళనాడు రిగ్గు బండి మాట్లాడుకుని, దానికి ముందు రోజు నన్ను తీసుకుపోయాడు.

"ఇదే ఆకరు తూరి అప్పా" అన్నాడు బస్సులో. "పడకపోతే మీ అత్తా నేనూ బెంగుళూరికి పోయేదే. ఆడ కమ్మీ పని ఉండాదంట. ఆవుల్ని ఆయమ్మ తమ్ముడు తోలకపోతాడు."

ఈ వయసులో ఈయన బిల్డింగుల దగ్గర ఇనుప కమ్మీలు వంచుతాడా అనిపించింది.

పగలంతా కొలిచాం. మేకులు దిగ్గొట్టడం, వాటి చుట్టూ ఉప్పునీళ్లు పోయడం, తీగలు లాగడం, అంకెలు రాసుకోవడం. మునెమ్మ అత్త గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఆమెకు నా మీద నమ్మకం లేదు. అంతకు ముందు నీళ్లు చూపిస్తామని టెంకాయ అరచేతిలో పెట్టుకుని తిరిగినవాడినీ, వేపపుల్ల పట్టుకుని తిరిగినవాడినీ ఆమె ఇలాగే చూసిందట. నాది మూడో రకం.

సాయంత్రానికి పొలం మూలన, కానుగ చెట్టుకు ఇరవై అడుగుల దూరంలో ఒక చోటు తేలింది. అంకెలు బాగున్నాయి. రాయి పెట్టి, దాని మీద సున్నం చల్లాను. నిజం చెప్పొద్దూ... కొంచెం గర్వంగానే అనిపించింది.

రాత్రి అక్కడే ఉండిపోయాను. బస్సు లేక కాదు. పగటి వేడి నుంచి తెల్లవారుజాము చలి దాకా నా జల్లెడ ఎలా సర్దుకుంటుందో చూడాలని ఆశ. ఇంటి ముందర మంచం మీద నేను, పక్కన స్టూలు మీద పెట్టె. నాలుగు తీగలు వాకిట్లో పాతిన మేకులకు. కారు బ్యాటరీ ఒకటి దాని అన్నం. మా ఎదురుగా గడ్డివామి. దాని కింద ఒకప్పుడు బావి ఉండేదట. మామ వాళ్ల నాయన పోయి, నీళ్లూ ఇంకిపోయాక పూడ్చేశారు. ఈ మాట పగలే చెప్పారు, నేను విని వదిలేశాను.

పదకొండు నుంచి పావుగంటకోసారి టిక్... టిక్. తేడా రెండు. మూడు. రెండు. వెంటనే సున్నా. బంగారంలా పని చేస్తోంది. ఒంటిగంటకు ఊళ్లో కరెంటు పోయింది. మోటర్ల చప్పుడు కూడా ఆగిపోయింది. ఇంకా మంచిదనుకున్నాను.

మూడు గంటలకు...

టిక్.

నేల తీగలు తెగాయి. తేడా ఒకటి. రెండు. సున్నా అవుతుందని పెన్ను పట్టుకుని చూస్తున్నాను. కాలేదు. అయిదు. తొమ్మిది. పదహారు... నిదానంగా పెరుగుతోంది. ముప్పై. నలభై ఒకటి. అక్కడ ఆగింది. రెండు మూడు క్షణాలు. ఆ తర్వాత తగ్గడం మొదలుపెట్టింది. పెరిగినంత నిదానంగా కాదు, కాస్త తొందరగా. సున్నా. హమ్మయ్య అనుకున్నాను. రెండో టిక్ కోసం చూశాను. పడలేదు. మళ్లీ రెండు... అయిదు... తొమ్మిది...

భయం వేయలేదు. ఇది గుర్తుంచుకోండి, అప్పటికి భయమే లేదు. కుతూహలం. ఎక్కడో తడి చేరింది అనుకున్నాను. మూత విప్పి టార్చి వేశాను. లోపల ఎముకలా పొడిగా ఉంది. బ్యాటరీ బలం చూశాను, బాగుంది. పెరగడం, ఆగడం, తగ్గడం. పెరగడం, ఆగడం, తగ్గడం.

నేల తీగలు ఎలాగూ తెగే ఉన్నాయి. అయినా నాలుగూ ఊడబీకేశాను. ఇప్పుడు పెట్టెకు నేలతో పేరుకైనా ముడి లేదు. అంకెలు మాత్రం వాటి పాటికి అవి పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి.

నా సందడికి గంగులప్ప మామ లేచాడు. "ఏమప్పా, చెడిపోయిందా?"

"లేదు మామా. ఏదో గాలిలోంచి వస్తున్నట్టుంది. మూతున్న గిన్నె ఏదన్నా ఉందా? పెద్దది."

గాలిలోంచి వచ్చే సిగ్నలైతే లోహపు గిన్నెలో పెడితే ఆగిపోవాలి. అది చదువుకున్న సంగతి. మామ చీకట్లో తడుముకుంటూ పోయి అల్యూమినియం తపేలా తెచ్చాడు. వెనకే మునెమ్మ అత్త.

"అది నా సంగటి తపేలా. దాంట్లో ఆ కరెంటు యాల పెడతాండావు నాయనా?"

"కడిగి ఇస్తాను అత్తా."

"కడిగితే పోతాదా ఏంది కరెంటు" అని గొణుక్కుంటూ గడపలో కూర్చుంది.

పెట్టెను తపేలాలో దించాను. చిన్న బ్యాటరీలు కలిపి అవీ లోపలే పెట్టాను. మూత వేసి, అంకెలు కనపడటానికి వేలెడు సందు వదిలాను. ఆ సందులోంచి ఎర్రటి వెలుగు...

తొమ్మిది. పదహారు. ముప్పై. నలభై ఒకటి.

ఆగింది.

తగ్గింది.

ఆ వేలెడు సందు గురించి తర్వాత మా లెక్చరరు నన్ను చాలా తిట్టారు. ఆ సందులోంచి ఏదైనా దూరి ఉండవచ్చన్నారు. ఉండవచ్చు. నేను కాదనను.

గంగులప్ప మామ నా పక్కనే నిలబడి సందులోకి చూస్తున్నాడు. చేతిలోని బీడీ వెలిగించడం మరిచిపోయాడు. కాసేపటికి నా చూపు అంకెల మీది నుంచి ఆయన మీదికి పోయింది. ఎందుకంటే ఆయన... ఎలా చెప్పాలి... ఊగుతున్నాడు. అంకెలు పెరుగుతుంటే మోకాళ్లు కొంచెం కొంచెంగా వంచి, దేని మీదో కూర్చుంటున్నట్టు కిందికి వస్తున్నాడు. ఆగినప్పుడు ఆగుతున్నాడు. తగ్గుతుంటే లేచి, వెనక్కి రెండడుగులు. మళ్లీ ముందుకు. మళ్లీ వంగి.

ఆయనకు ఆ సంగతి తెలియదు. నేనది ఒట్టేసి చెప్పగలను. ఆయన కళ్లు తపేలాలోనే ఉన్నాయి.

"మామా" అన్నాను. "ఏం చేస్తున్నావు?"

ఉలిక్కిపడి ఆగాడు. తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"కపిల" అన్నాడు మెల్లగా. "కపిల తోలతాండారప్పా."

మీలో చాలామంది కపిల చూసి ఉండరు. మోటర్లు రాకముందు బావిలోంచి నీళ్లు తోడే పద్ధతి. ఎద్దులు వాలుబాటలో కిందికి దిగుతుంటే వాటికి కట్టిన మోకు, అంటే లావు తాడు, నీళ్ల బానను పైకి లాగుతుంది. తోలేవాడు బరువు కోసం ఆ మోకు మీదే కూర్చుంటాడు. బాన పైకొచ్చి కాలువలో నీళ్లు కుమ్మరించేంతసేపు ఆగుతారు. తర్వాత ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తాయి. బాన దిగుతుంది. నిదానంగా ఎక్కడం... ఆగడం... కాస్త తొందరగా దిగడం.

నేను నవ్వడానికి ప్రయత్నించాను. "ఇది వట్టి ఎర్రర్ మామా. చిప్పు తికమక పడుతోంది."

"అట్లనా. అయితే లెక్క పెట్టు" అన్నాడు. "మా నాయనైతే పదో బానకు నిలుపుతాడు. గట్టు మీద ఒక గులకరాయి పెట్టి మళ్లా తోలతాడు. ఎన్ని బానలు పారినాయో తెలియాల గదా."

లెక్క పెట్టాను. ఎక్కడి నుంచి మొదలో తెలియదు కాబట్టి మొదట పొడుగ్గా ఆగేదాకా చూశాను. ఆగింది. సున్నా దగ్గరే... చాలాసేపు. తర్వాత మొదలైంది. ఒకటి. రెండు. మూడు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

పది.

ఆగింది.

గడపలోంచి అత్త ఏదో అడగబోయింది. మామ చెయ్యెత్తి వద్దన్నాడు. ముగ్గురం ఆ ఎర్రటి సున్నా వంక చూస్తున్నాం. ఎంతసేపో తెలియదు. వంగి ఒక రాయి ఏరి, గట్టు మీద పెట్టి, మళ్లీ వచ్చేంతసేపు అనుకోండి. తర్వాత... రెండు. అయిదు. తొమ్మిది.

రెండోసారి లెక్కపెట్టాను. పదే. మూడోసారీ పదే. అప్పుడు నిజంగా భయపడ్డాను. ఎందుకో చెబుతాను. నా సర్క్యూటుకు పదితో పని లేదు. దానికి తెలిసినవి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. అది తప్పు చేసినా ఎనిమిదికో పదహారుకో చేయాలి. పది అనేది మనుషుల లెక్క. చేతి వేళ్ల లెక్క.

"ఆపేయప్పా" అంది అత్త.

స్విచ్చి మీదికి నా చెయ్యి పోయింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి కాలుతోంది.

"అట్ల ఆపగూడదు. బాన సగంలో ఉండాది."

పూడ్చిన బావి మీది వామి వంక తిరిగాడు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు, గొంతు పెంచకుండా అన్నాడు.

"సాలు నాయనా. తెల్లారతాండాది. ఎద్దులిడువు."

అంకె ముప్పై ఏడు మీద ఉంది. పెరుగుతూ ఉన్న అంకె...

ముప్పై ఏడు.

ముప్పై ఏడు.

కదల్లేదు. అప్పటిదాకా ఒక్కసారి కూడా అది నలభై ఒకటికి ముందు ఆగలేదు. తర్వాత అది దిగడం మొదలుపెట్టింది. ఈసారి చాలా నిదానంగా. ముప్పై. ఇరవై నాలుగు. పదకొండు. నాలుగు. ఒకటి.

సున్నా.

టిక్.

అంతే. పెట్టె మామూలు పెట్టె అయిపోయింది. గంగులప్ప మామ మంచం మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఏడ్చాడో లేదో చెప్పలేను. నేను చూడలేదు, చూడబుద్ధి కాలేదు.

వెలుగు వచ్చాక నాకు నా చదువు గుర్తొచ్చింది. తెలిసిన విలువ ఉన్న రెసిస్టరు పెట్టి పెట్టెను పరీక్షించాను. సరిగ్గా చూపించింది. ఇంకోటి పెట్టాను. సరిగ్గా. ఇంకోటి. అంతలో మునెమ్మ అత్త నా ఎదురుగా వచ్చి నిలబడింది. దూరంగా రోడ్డు మీద రిగ్గు బండి మూలుగు వినిపిస్తోంది.

"ఒక మాట చెప్పు నాయనా. నీ పెట్టె బాగుండాదా, చెడిందా?"

"అత్తా, అదీ..."

"చెడిందంటే నువ్వు పగలు పెట్టిన పాయింటూ చెడినట్టే. బండిని వెనక్కి పంపిస్తాం. బాగుండాదంటే రేత్రి దాంట్లో ఉండింది యాడిదో నువ్వే చెప్పల్ల. రెండూ నువ్వే అంటే ఎట్ల?"

నాలుగేళ్ల చదువులో నన్ను ఇంత సూటిగా ఎవరూ ప్రశ్న అడగలేదు. పెట్టె చెడిందని చెబితే నాకు హాయి. రాత్రి జరిగినదంతా ఒక పాడు కెపాసిటరు మీదికి తోసేయవచ్చు. వాళ్లు మాత్రం బెంగుళూరు బస్సు ఎక్కాలి. బాగుందంటే... బండి దిగుతుంది. దుమ్మే వస్తే ఆ పాపం నాది.

"బాగుంది అత్తా" అన్నాను. పరీక్ష అదే చెబుతోంది. అబద్ధం ఆడలేకపోయాను.

సున్నం చల్లిన రాయి దగ్గరే బోరు దించారు. టెంకాయ కొట్టారు. చెవులు పగిలే మోత. నూరడుగులు... తెల్లటి దుమ్ము. రెండువందలు... దుమ్ము. మునెమ్మ అత్త గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. గంగులప్ప మామ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. నేను కానుగ చెట్టు నీడలో నిలబడి చూస్తున్నాను. ఆ నిమిషంలో నా మనసులో ఏముందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీళ్లు పడకూడదని కోరుకున్నాను. ఒక్క క్షణం... కానీ కోరుకున్నాను. దుమ్మే వస్తే పెట్టె తప్పు. పెట్టె తప్పైతే రాత్రంతా తప్పే. నేను హాయిగా నిద్రపోవచ్చు. ఆ ఇద్దరి బతుకు అటు పెట్టి నా నిద్ర ఇటు పెట్టి చూసుకున్నాను. సిగ్గుచేటు.

రెండువందల ఎనభై దగ్గర దుమ్ము రంగు మారింది. తర్వాత బురద. తర్వాత నీళ్లు... మనిషెత్తు లేచి, అక్కడున్న అందరి మీదా పడ్డాయి. మునెమ్మ అత్త నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. తడిసిన చేత్తో నా బుగ్గలు పట్టుకుని "నీ పెట్టె నిజం చెప్పింది నాయనా" అంది. అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం పెట్టె సర్దుకోవడానికి ఇంటి వైపు నడిచాను.

ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. ఆ రాత్రి నోటుబుక్కు పేజీలు మా లెక్చరరుకు చూపించాను. తపేలా సందు అన్నారు, మంచు అన్నారు, నిద్రమత్తు అన్నారు. చివరికి "పదికి మాత్రం నా దగ్గర జవాబు లేదు" అని పుస్తకం మూసి ఇచ్చేశారు. తర్వాత కుప్పంలో, మదనపల్లెలో ఎన్నో రాత్రులు పెట్టె పక్కన కూర్చున్నాను. తేడా రెండు, మూడు, సున్నా. ఎప్పుడూ అంతే.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం గంగులప్ప మామ అంగడికి వచ్చాడు. బోరు బాగానే పోస్తోందన్నాడు. టమాటా బాగుందన్నాడు. టీ తాగాడు. లేచే ముందు నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ పెట్టె ఉండాదా అప్పా? ఒక రేత్రి మా ఇంటి కాడ పెట్టుకుందామని. నీళ్ల కోసరం కాదులే."

ఎవరి కోసమో నాకు అర్థమైంది.

"విప్పేశాను మామా. సామాన్లు వేరేవాటికి వాడేశాను" అన్నాను.

"అట్లనా. సరేలే" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మరుసటేడు పోయాడు.

పెట్టె విప్పలేదు. అబద్ధం చెప్పాను. ఆయన రాత్రంతా దాని ముందు కూర్చుని, తెల్లారేదాకా సున్నా తప్ప ఏమీ కనిపించకపోతే ఎలా అని భయపడ్డానా... లేక మళ్లీ కనిపిస్తుందనా? ఇరవై ఏళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. నాకు తెలియదు.